ఎరువు రసం

పరకాల దాపున ఒక ఊళ్లో, తెల్లారితే ప్రారంభోత్సవం జరగాల్సిన ఎర్రమట్టి పోసిన నీళ్ల ఫిల్టర్ ముందు, వరంగల్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కావ్య ముక్కు మూసుకొని నిలబడింది. పక్కనే ఆమె చిన్నాయన యాకయ్య, నీళ్ల కమిటీ పెద్ద. కావ్యకు ఒళ్లు మండిపోతోంది.

“ఇది పెంటనే కదా కాకా? ఫిల్టర్ల పెంట పోస్తరా ఎవలన్న?”

“పెంట అంటవేంది బిడ్డా! మాగిన ఎరువు. మొగిలమ్మ దొడ్లది. ఒక్క పురుగు లేదు.”

“పురుగుల ముచ్చట కాదు. బోర్ల యురేనియం ఉందనే కదా ఈ ఎర్రమన్ను పోసింది? కిడ్నీలు ఖరాబైతాన్నయనే కదా?”

“ఔ. ఎర్రమన్నుల ఇనుము ఉంటది, యురేనియాన్ని గట్టిగ పట్టుకుంటది. నాకు తెల్వదా? ఊరందరికి చెప్పినోన్ని నేనే.”

“అయితే ఇది గూడ చెప్పు. ఎరువు రసం దిగిందంటే, ఆ యురేనియం మన్నును ఇడిసిపెట్టి రసంతోని లేచిపోతది. సక్కగ నల్లకు, నల్లకెల్లి బిందెకు.”

“లేచిపోవుడేంది, సినిమానా?”

“నవ్వకు కాకా. నిన్న ఈ నల్లకెల్లి నీళ్లు పట్కపోయి ల్యాబుల చూసిన. బోర్ల ఎంతుందో, ఫిల్టర్ దాటినంక గూడ అంతే ఉంది.”

“ఫ్లెక్సీలు కట్టినం. టెంటు చెప్పినం. బగారన్నం చెప్పినం…”

“బగారన్నం తినున్రి. నీళ్లు తాగకున్రి.”

“జర మెల్లగ. పక్కింట్ల రాజక్క ఇంటది.”

“ఇననీ! ఆమె కొడుకు డయాలసిస్‌కు దవాఖాన సుట్టు తిరుగుతాండు. ఈ నల్ల మీదనే ఆశ పెట్టుకున్నది. ఎవలిచ్చిన్రు కాకా ఈ సలహా? కాంట్రాక్టరా?”

“కాంట్రాక్టర్ కాదులే.”

“మరెవలు?”

“ఎవలో… సదువుకున్నోళ్లే. ఇప్పుడెందుకు?”

“సదువుకున్నోళ్లా! ఏడ సదివిండో ఆ మహానుభావుడు! యాసిడ్ గుణమున్న పులుపు నీళ్లల్లనైతే ఎరువు రసం మన్నుకు అంటుకొని యురేనియాన్ని పట్టుకుంటది. మన బోరు నీళ్లు పులుపా? ఈ నీళ్లల్ల అదే రసం ఎత్కపోతది. ల్యాబుల ఫస్టు నాడు నేర్పే ముచ్చటిది.”

“ఫస్టు నాడేనా?”

“ఫస్టు నాడే. అసొంటోన్ని రేపు స్టేజీ ఎక్కించి, మొదటి గ్లాసు ఆనితోనే తాగించాలె.”

“అంత మాటనకు బిడ్డా.”

“అంట! మైకుల పేరు పిలిచి మరీ తాగించాలె. శాలువ గూడ కప్పున్రి.”

“శాలువ పోయినేడే కప్పినం.”

“ఎవలికి?”

“గ్రామసభల నిలబడి, ‘ఎరువు రసం కలుపున్రి, మన్ను ఇంకింత గట్టిగ పట్టుకుంటది, ల్యాబుల నేనే చూసిన’ అన్నోళ్లకు. రాజక్క అందరికన్న ఎక్కువ చప్పట్లు గొట్టింది.”

“కాకా… అది… అది ల్యాబుల పులుపు నీళ్లతోని…”

“పులుపు నీళ్లని ఆనాడు మైకుల చెప్పలే నువ్వు.”

“ప్రారంభోత్సవం ఆపు కాకా.”

“ఆపుత. ఎందుకాపినమో రాజక్కను ముందట కూసోబెట్టుకొని నువ్వే చెప్పాలె. చెప్పనంటవా, నువ్వన్నట్లే మైకుల పేరు పిలుస్త. వచ్చి మొదటి గ్లాసు తాగు.”