తుమ్మ తెడ్డు

"చాలు, ఇగ ఆపు. నెత్తురు కారుతున్నది."

గూడూరులో ఆటో నడిపే మధు జన్మలో ఉలి పట్టిన మనిషి కాదు. ఈవేళ పొయ్యి పక్కన కూర్చుని తుమ్మ చెక్కతో కుస్తీ పడుతున్నాడు. ఆపమంటున్నది భార్య శోభారాణి. లోపలి మంచంలో అతని తల్లి భద్రమ్మ.

"నెత్తురుదేముంది. అవ్వ ఏమన్న తిన్నదా?"

"మొఖం అటు తిప్పుకున్నది. మామ దినాలైనప్పటి సంది గింతే కద. నా తెడ్డు ఏది, దానితోని కలిపిన జొన్న గట్కయితేనే తింట. గదే మాట."

"ఇల్లంత ఎతికినవా?"

"ఎన్నిసార్లు అడుగుతవ్? దినాలకు వచ్చిన వంటోళ్లను సుత అడిగిన. లేదు."

"లేదనే కద చేస్తున్న."

"మొన్న మునగ కట్టెతోని చేస్తివి. గట్కల పెట్టంగనే పుటుక్కున ఇరిగె."

"మెత్తగుంటది, జల్ది చెక్కొచ్చనుకున్న."

"దానెనుక పచ్చి వేపతోని చేస్తివి. గట్కంత చేదు."

"నాకేమెరుక? నాయిన చెక్కుతుంటే ఒక్కనాడన్న పక్కన కూసున్ననా? గిది తుమ్మ. నాయిన అవ్వకు చేసిచ్చింది గూడ తుమ్మనే."

"ఇయ్యాల గూడ నోట్లకు ఏం పోకపోతే..."

"అనకు. ఆ మాట అనకు."

"నాకు భయమైతున్నది."

"నాకు కాదా? నాయిన పాయె. అవ్వ గూడ... పా, కుండ దించు. కలుపుత."

కాసేపటికి, మంచం దగ్గర.

"అవ్వా, ఇగో నీ తెడ్డు. దొరికింది."

"ఏది, చేతికియ్యి."

"ముందు ఒక్క బుక్క తిను."

"ఇయ్యి బిడ్డా... గిది నాది కాదు. నాది ఒక దిక్కు అంచు అరిగి ఉంటది, కుండ గీకీ గీకీ."

"నేనే చేసిన. అంచు అరగదీస్త, జరసేపు ఆగు. ఏ దిక్కు అరిగింది, చెప్పు."

"చేతికి ఆ గుడ్డ ఏంది?"

"ఏం లేదవ్వా. ఏ దిక్కు?"

"మధూ, ఇగ చెక్కకు."

"చెప్పవ్వా, నీ కాల్మొక్త. ఏ దిక్కు?"

"దినాల నాడు నేనే దాన్ని పొయ్యిల పెట్టిన బిడ్డా. అది దొరికితేనే తింటనంటే, ఇగ నన్ను తినుమని ఎవ్వరడగరనుకున్న. నువ్వు చెక్కుతవని నాకెరుకనా?"