జంగయ్యకు పెట్టిన కంచం

"నాయనమ్మా, కుస్తీకి ముందు తాతకు సుత భయమయ్యేదా?"

భయమా? ఏమడుగుతవ్ బిడ్డా! గంత పొడుగు మనిషి, గంత ఛాతీ, గడపల నిలబడితె ఇంట్లకు వెలుతురు రాకపోయేది. గదే మనిషి దంగల్ దగ్గరికొచ్చిందంటె చాలు, కంచం ముంగట కూసొని కలుపుడే కలుపుడు, నోట్లెకు బుక్క పోకపోయేది. గిప్పుడు నువ్వు చేస్తున్నవ్ చూడు, అచ్చం గట్లనే. రేపటి నీ కుస్తీకి తూకం సుత అయిపాయె గదా, ఇంకేం అడ్డం నీకు? తింటుండు, నేను చెప్తుంట.

అప్పుడు మారేడ్‌పల్లిల కిరాయికుంటుంటిమి. మీ నాయిన ఇంక పుట్టలే... కాదు కాదు, కడుపుల ఉండె. అవును, కడుపులనే, నాకు చింతకాయ తొక్కు తప్ప ఏం సయించకపోయేది. మీ తాత పొద్దుగాల తాలీంల కుస్తీ చేసి, ఆడికెంచే పనికి పోయెటోడు. బోయిన్‌పల్లిల జంగయ్య అని ఇంకో పహిల్వాన్ ఉండె. కూరగాయల మార్కెట్ల బస్తాలు మోసెటోడు. ఆయనకు మెడ యాడుందో దేవునికెరుక, తలకాయ భుజాలు ఒక్కతీరుగ ఉండేటివి. గాయన మీ తాతను రెండుపార్లు ఎత్తేసిండు. మూడోపారి మల్ల ఆయనతోనే జోడీ కలిపిన్రు. 'ఈపారి సుత ఓడిపోతె లంగోట ఉస్తాద్ చేతిల పెట్టి వస్తా, ఇంక తాలీం మొఖం చూడ' అన్నడు మీ తాత. కుస్తీ లేకుంటె గా మనిషి ఎట్ల బతుకుతడే?

తాకత్ తక్కువేం లేదు. ఉస్తాదే అన్నడు, 'వీని ఒంట్ల కొరత లేదమ్మా, దిమాక్ల జంగయ్య కూసున్నడు' అని. నిజమే. లేస్తె జంగయ్య, తానం చేస్తె జంగయ్య. జంగయ్య గిట్ల పడ్తడు, గట్ల గుంజుతడు. ఒకపారైతె నిద్రల నా కాలు పట్టి గుంజిండే! కడుపుతోని ఉన్నదాన్ని!

గప్పుడు నాకు కోపమొచ్చింది. తెల్లారి ఏం చేసిన్నో ఎర్కేనా? మీ తాత పక్కన ఇంకో పీటేసి, ఇంకో కంచం పెట్టిన. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, చెంబుల నీళ్లు సుత. 'ఎవలొస్తున్రు?' అన్నడు. 'జంగయ్య' అన్న. 'రోజూ ఇంటికి తోల్కొస్తివి, పండుకునే కాడ సుత నడుమల్నే ఉండె. పాపం, ఇన్ని దినాల సంది ఉపాసం ఉంచితిమి. మర్యాదనా?'

మొదాల గుడ్లురిమి చూసిండు. నేను ఆ ఖాళీ పీట దిక్కు తిరిగి, 'జంగన్నా, ఇంకో రొట్టె ఎయ్యాల్నా?' అన్న. గంతే! మీసాల కిందికెంచి నవ్వు షురూ. నవ్వి నవ్వి పొలమారింది. తన కంచం ఊడ్సుకొని జంగయ్య కంచం సుత తిన్నడు.

ఇగ జంగయ్య పేరెత్తితె చాలు, నేను కంచానికి లేసేదాన్ని. 'వద్దు వద్దు, వాడు వాళ్లింట్లనే తింటడు' అనెటోడు. మెల్లెగ రాకుంటనే అయిండు జంగయ్య. తాలీంల కుస్తీ తాలీంలనే, ఇంట్ల నేనూ రొట్టెలూ.

దంగలా? ఎవ్వలు కింద పడలే. ఇద్దరు బరాబర్ అన్నరు. అగో, లోపల్నుంచి మీ తాత 'నేనే గెల్చిన' అంటుండు విను! నువ్వు ఊకో జెర, నీకేం యాదికుంది?

అసలు సంగతి చెప్పలే గదా. గా మాపే మీ తాత నిజం జంగయ్యను భుజం మీద చెయ్యేసి ఇంటికి తోల్కొచ్చిండు. గదే కంచంల పెట్టి, దాని కథంత చెప్పిన. పిండి డబ్బ ఖాళీ అయింది బిడ్డా! తినుకుంట జంగయ్య ఏమన్నడంటె, 'వదినే, మా ఇంట్ల సుత నెల సంది నీ మొగడే ఉండె. మా అమ్మకు గీ ఉపాయం తెల్వక నేను సగమైన.' ఎంత నవ్వినమో! గాయన సగమైతెనే గట్లుండె!

సరే గనీ, రేపు నీతోని కుస్తీ పట్టే పిల్ల ఏ ఊరన్నవ్? కరీంనగరా? కారం తింటదా? చెప్పు, కంచం తెస్త... అగో, నవ్వుతున్నవ్! గట్ల నవ్వు తల్లీ, నాకు పానం లేసొచ్చింది. రేపు మ్యాట్ మీద చూస్కో ఆమెను, ఈడికి తేకు.

గా పిల్ల సుత గిప్పుడు నిన్నే తలుసుకుంట తిండి మానేసి కూసుంటది కావచ్చు. వాళ్ల నాయనమ్మ నీకేం కూర పెడ్తదో ఏమో... సల్లగుండుర్రి బిడ్డా, ఇద్దరు సుత. పట్టు, ఇంకో రొట్టె...