నాగరాజు ఆపినాడు

శాంతిపురం, 2009 నవంబరు. ఎల్లమ్మ ఇంటి అరుగు మీద నాగరాజు తల్లి ఎల్లమ్మ, బెంగుళూరు నుంచి వచ్చిన సుష్మ.

"కాఫీ వద్దు పెద్దమ్మా. నాగరాజన్న ఎప్పుడొస్తాడో అది చెప్పు."

"వస్తాడులేమ్మా, పనికి పొయ్యిండాడు. గుక్కెడు కాఫీ తాగితే నీ సొమ్మేం పోతాది?"

"పనంటే యాడ?"

"యాడేముంది, రాయి క్వారీలో. మీ నాయన బాగుండాడా? సుబ్రమణ్యమప్ప?"

"బాగుండాడు. నేనొచ్చినట్టు ఆయనకు తెలీదు. బెంగుళూరులో రైలెక్కి కుప్పంలో దిగి, నేరుగా ఈడికే వచ్చినాను."

"అదేందిమా? పుంగనూరు పోకుండా, మీ నాయనకు చెప్పకుండా, నా ఇంటికి యాల?"

"ముందు నాగరాజన్నకు చెప్పాల. ఆయన విన్నాకనే మా నాయనకు."

"ఇంకా ఏం మిగిలిందని చెప్పేదానికి? మీ షెడ్డులో పట్టుపురుగు సచ్చిన కాడ్నుంచి, వాణ్ని ఏ షెడ్డోడూ గడప తొక్కనీలే. హీటరు ఆపకుండా పొయ్యి ఎనిమిదొందల గుడ్ల పురుగును, లక్షల లెక్క పురుగును సంపినోడు అని పేరు పెట్టినారు. పదకొండు మంది రైతులు ఆకు కోసి పెట్టుకోని ఎదురుసూస్తాండ్రి, మీ షెడ్డులో సాకి ఇచ్చే ఆ పిల్లపురుగు కోసరం."

"ఆపినాడు పెద్దమ్మా."

"ఏందీ?"

"నాగరాజన్న ఆ రోజు హీటరు ఆపినాడు. ఆయన చెప్పిందంతా నిజం."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలే. కంప్యూటరే రాసిపెట్టుకోనుండాది. నిమిషం నిమిషం. ఇదో, కాగితాలు తెచ్చినాను."

"నాకు చదువొస్తాదా పాపా? నోటితో సెప్పు."

"సాయంత్రం అయిదూ పన్నెండుకు ఆయన నొక్కినాడు. ఎర్ర స్టిక్కరు అంటించిన బటను. హీటరు ఆరిపోయింది. అయిదూ పదమూడుకు మళ్ళా వెలిగింది. ఆ నిమిషంలో ఆయన తలుపుకు బీగం ఏస్తాంటాడేమో. ఆకు కోసం తోటకు పోవాల కదా."

"ఆరిపోయింది ఎట్ల వెలుగుతాది? దయ్యమా?"

"నేను."

"నువ్వా? నువ్వు మదనపల్లెలో కాలేజీలో ఉంటివి కదమ్మా."

"ఆ రోజు మధ్యాహ్నం షెడ్డుకు వచ్చిపోయినాను. నీకు తెలుసు కదా, హీటరును కంప్యూటరుతో నడిపేది నా ప్రాజెక్టు. చలి పెరిగితే వెలిగించాల, వేడెక్కితే ఆర్పాల. వేడి చూసే వైరు ఒక సందులో వదులైపోతాంటే, పక్క సందులోకి మార్చినాను. ప్రోగ్రాం గూడా దానికి తగ్గట్టు మార్చి, కొత్తది మొదలుపెట్టినాను. పాతది ఆపలే."

"మర్చిపోతివా?"

"మర్చిపోయినానంటే బాగుండు. ఆపాలని నాకు తెలీనే తెలీదు. నేను ప్రోగ్రాం రాసిన కంప్యూటరు భాషలో ఏదీ తనలో ఏమీ దాచుకోదు. ఇది ఇస్తే అది చెప్తాది, చెప్పి ఊరుకుంటాది. పాతదాన్ని చెరిపి కొత్తది రాసినా ఎవరికీ నష్టం లేదు. రోజుకు యాభైసార్లు అట్లనే చేసేదాన్ని. చేతికి అలవాటైపోయింది. కానీ హీటరును పట్టుకున్నది అట్లాంటిది కాదు పెద్దమ్మా. అది చెప్పి ఊరుకునేది కాదు, బతికుండేది. మొదలుపెట్టినోళ్ళే ఆపాల. ఆపేంత వరకు అది చేతిలో ఉండాల."

"నీ చేతిలో ల్యాకపోయెనా?"

"పాతదాని పేరునే కొత్తదానికి పెట్టినాను. పేరు కొత్తదానికి పోయింది. పాతదాన్ని పిలిచేదానికి పేరు లేదు, ఆపేదానికి దారి లేదు. అది మాత్రం లోపల నడస్తానే ఉండాది. అది చూసే సందులో వైరు తీసేసినాను కదా, దానికి వేడి సున్నా అని కనిపించింది. పురుగు చలికి సస్తాదనుకోని నిమిషానికోసారి వెలిగిస్తాండాది. కొత్తది ఆర్పుతాండాది. ఒకటి వెలిగించేది, ఒకటి ఆర్పేది. మధ్యాన్నమంతా ఇదే."

"అయ్యో దేవుడా. రెండు పెండ్లాలు ఒక పొయ్యి కాడ కూచున్నట్ల."

"అట్లనే. గది కొంచెం వేడెక్కింది. నాగరాజన్నకు అనుమానం వచ్చి నాకు ఫోన్ చేసినాడు. సుష్మా, వేడి ముప్పై ఒకటి చూపిస్తాండాది, పురుగు పొర విడిచే రెండో జ్వరం నుంచి ఇప్పుడే లేస్తాండాది, భయంగా ఉండాది అన్నాడు."

"ఫోన్ చేసినాడా? నాకు సెప్పలే వాడు."

"ఎర్ర బటను నొక్కు, నొక్కి ఆకుకు పో, నేను చూసుకుంటా అన్నాను. గోడ మీద స్విచ్చి ఆర్పేదా అని కూడా అడిగినాడు. వద్దు వద్దు, కంప్యూటరు కూడా ఆరిపోతాది, దాన్ని ముట్టుకోవద్దు అని అరిచినాను. ఆయన నేను చెప్పినట్టే నొక్కినాడు. నొక్కితే ఆగింది కొత్తది. ఆర్పేది ఆగిపోయింది పెద్దమ్మా. వెలిగించేది ఒక్కటే మిగిలింది."

"ఏడవద్దు."

"ఆయన తోట నుంచి వచ్చేసరికి నలభై ఆరు. తట్టల్లో పురుగంతా..."

"తెల్సు. వాడు గంపకెత్తి పారబోసినాడంట. మీ నాయన వాణ్ని కొడతాంటే గూడా ఎత్తుతానే ఉన్నాడంట."

"నాకు చెప్పలే మా నాయన, కొట్టినట్టు."

"సెప్తాడా?"

"పెద్దమ్మా, నేను ఇంకొకటి చెప్పాల. మా నాయన నన్ను ఒక్కమాట అడిగినాడు. మిషను దానంతటది వెలుగుతాదా పాపా అని. వెలగదు నాయనా అన్నాను. నొక్కుంటే ఆగేది, ఆగకపోయిందంటే నొక్కలే అన్నాను. అంత గట్టిగా అన్నాను. ఫస్టు క్లాసు వచ్చింది ఆ ప్రాజెక్టుకు నాకు."

"ఇప్పుడెట్ల తెలిసింది?"

"పోయిన వారం ఆఫీసులో మళ్ళా అదే తప్పు చేసినాను. పాతది ఆపకుండా కొత్తది. మా పైన నీరజ అని ఒకామె, చూసి నవ్వింది. రెండు నడస్తాండాయి చూడు, మొదలుపెట్టినప్పుడే ఆపేది గూడా రాసుకోవాల తల్లీ అనింది. నాకు మా షెడ్డు గుర్తొచ్చింది. రూముకు పోయి షెడ్డు కంప్యూటరు నుంచి తెచ్చుకున్న సీడీ తీసి చూసినాను. అంతా రాసుండాది. పది నెలల్లో నేను ఒక్కసారి గూడా దాన్ని తెరవలే. తెరవాల్సిన పని లేదనుకున్నా, ఆయనే తప్పు చేసినాడని నమ్మినాను కదా."

"చిన్నదానివి. తెలీక చేసినావు."

"అట్ల అనొద్దు. తిట్టు. నువ్వు తిడితే నాగరాజన్న ముందర నిలబడేదానికి నాకు కొంచెం తేలిగ్గా ఉంటాది. నేను ఆయన కాళ్ళు పట్టుకుంటా. తర్వాత పుంగనూరు తోడుకోని పోతా, మా నాయన ముందర, ఆ పదకొండు మంది ముందర నేనే చెప్తా. ఆయన పేరు ఆయనకు వస్తే చాలు. ఎన్ని గంటలకు వదుల్తారు క్వారీలో?"

"పొద్దుపోతాది పాపా. నువ్వు బస్సుకు పో."

"ఎంత పొద్దైనా ఉంటా."

"ఈ రోజు రాడేమో. ఒక్కోసారి ఆడనే పండుకుంటాడు."

"అయితే నేనే పోతా క్వారీకి. ఏ క్వారీ? మునిరత్నం వాళ్ళదా?"

"ఆ... కాదు, దాని పక్కది."

"బస్సు దిగినప్పుడు టీ అంగడాయన్ని అడిగినాను పెద్దమ్మా. నాగరాజు ఇల్లు యాడ అంటే, ఎల్లమ్మ ఇల్లా అన్నాడు. ఎల్లమ్మ ఒక్కతే ఉంటాది, తలుపు గట్టిగా కొట్టు అన్నాడు."

"వాడొక వాగుడుకాయ."

"నాగరాజన్న యాడ పెద్దమ్మా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. పోయిన జనవరిలో కుప్పం పోయి రైలెక్కినాడంట. మా మారప్ప చూసినాడంట. బెంగుళూరు రైలో మద్రాసు రైలో వాడు చెప్పలేకపోయినాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు. రెండుసార్లు బెంగుళూరు పొయ్యి రైలు టేషన్ కాడ కూచోని వచ్చినాను. అంత జనంలో యాడని ఎతకాల?"

"జనవరి అంటే... పురుగు పోయిన నెలేనా?"

"ఆ నెలే. వారం దాటలే."

"మా నాయన కొట్టినందుకా?"

"దెబ్బలకు పోయేవాడు కాదు వాడు."

"మరి యాల పోయినాడు? ఉండాల్సింది కదా! కాణిపాకానికి వచ్చుంటే అన్నీ ఆ రోజే తేలిపోయేవి. గుళ్ళో ప్రమాణం చెయ్యి, నమ్ముతా అన్నాడు మా నాయన. పొద్దున్నుంచి మాపటేల దాకా గుడి ముందర కూచున్నాడు. నాగరాజన్న రాలే. తప్పు చేసినోడు కాబట్టి దేవుని ముందర నిలబడలేక పారిపోయినాడు అన్నారు అందరూ. నేను గూడా దాంతోనే గట్టిగా నమ్మేసినాను. ఇప్పుడు ఎంత ఆలోచించినా అదొక్కటే అర్థం కాదు. తప్పు చెయ్యనోడు ప్రమాణానికి యాల భయపడినాడు?"

"ఇంకో మాట మాట్లాడు పాపా."

"చెప్పు పెద్దమ్మా. యాల భయపడినాడు?"

"వాడు భయపడలే."

"మరి?"

"తెల్లార్తో లేసి తలకు పోసుకున్న్యాడు. ఉతికిన పంచ కట్టుకున్న్యాడు. ఏమీ తినల్యా, ఉపాసంతో పోవాలన్నాడు. ఆ రోడ్డు మీద బస్సొస్తే ఎక్కి సీట్లో గూడా కూచున్న్యాడు."

"ఎక్కినాడా?"

"నేను ఉరికిపొయ్యి బస్సెక్కి, చెయ్యి పట్టుకోని కిందికి ఈడ్సుకోనొస్తిని. అబద్ధం ప్రమాణం చేసినోణ్ని కాణిపాకం సామి వదలడురా, నువ్వు సస్తే నాకెవురురా, చేసిన తప్పు ఒప్పుకోని మీ సుబ్రమణ్యమప్ప కాళ్ళ మీద పడరా అని, నడిరోడ్డు మీద వాని కాళ్ళు పట్టుకుంటి. కన్నకొడుకు కాళ్ళు."

"పెద్దమ్మా... నువ్వు గూడానా..."

"బస్సు ఎలబారి పొయ్యింది. వాడు నన్ను పైకి లేపినాడు. నేను అబద్ధం చెప్తాండానా అమ్మా అని అడిగినాడు, మెల్లగా, కోపం గూడా లేదు. నేను ఏం చెప్తినో తెల్సునా పాపా? అంత చదివిన సుష్మ పాప అబద్ధం చెప్తాదారా అంటి."