పడమటికి తిరిగిన ప్యానెళ్లు

నడిగూడెం శివారు. పొద్దున ఎనిమిది. పొలంలో సోలార్ పంపు దగ్గర రైతు ఈదయ్య, కోదాడ నుంచి వచ్చిన కంపెనీ మెకానిక్ నందిని.

“మేం దక్షిణం వైపు బిగించి వెళ్లాం తాతా. ప్యానెళ్లు పడమటికి ఎట్లా తిరిగాయి?”

“గాలికి తిరిగినయేమో బిడ్డా.”

“గాలి పానా తెచ్చుకుని నట్లు ఊడదీసిందా?”

“కోతులు గూడ ఉన్నయ్ గీడ.”

“కోతులు ఊడదీస్తాయి గానీ మళ్లీ బిగించి పోవు.”

“దక్షిణం మొకం మంచిది కాదన్నరు.”

“బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టింది నువ్వే.”

“చాయ్ తాగుతవా?”

“తాగే వచ్చా. మీ ఇంటామె నర్సమ్మ ఫోన్ చేసింది, పొద్దున నీళ్లు సన్నగా వస్తున్నాయి, వరి ఎండుతుందని.”

“దానికి జర తొందర.”

“తొందరేంటి, వరి పొట్ట మీదుంది. పొద్దున ఎండ తూర్పు నుంచి వస్తుంటే ఇవి వీపు చూపిస్తున్నాయి. మధ్యాహ్నం దాటాక మాత్రం ధార బాగా పడుతుండాలి కదా?”

“పడతది.”

“అప్పుడు వంతు ఎవరిది?”

“నాది పన్నెండింటి దాక. గంతే.”

“ఆ తర్వాత?”

“తర్వాత… పక్క మడోళ్లది.”

“పక్క మడి అంటే మీ తమ్ముడు అచ్చయ్యదే కదా. పంపు ఇద్దరి పేరు మీద ఇచ్చాం. మూడేళ్లుగా మీకు మాటల్లేవట, ఊళ్లో చెప్పారు.”

“ఊరోళ్లకు ఏం పని లేదు.”

“ఇంకేం, దొరికాడు. రాసుకుంటున్నా. తిప్పింది అచ్చయ్య.”

“రాస్తే ఏమైతది?”

“పంపు మీద ఆయన పేరు తీసేస్తారు. నీకే మంచిది, రోజంతా నీ వంతే.”

“మరి వాడేం జేస్తడు? కరెంటు లైన్ ఈడిదాక రానే రాలె.”

“డీజిల్ ఇంజన్ పెట్టుకుంటాడు. నీకెందుకు?”

“జర ఆగు బిడ్డా. రాయకు.”

“ఏం?”

“తిప్పింది నేను.”

“నువ్వా? నీ వరి ఎండబెట్టుకునా?”

“వాని మడి మెరక. సన్న ధార ఎక్కది.”

“పిలిచి, నా వంతులో ఇంకో గంట పెట్టుకోరా అంటే అయిపోయేది కదా.”

“నేనిచ్చిన నీళ్లు వాడు ముట్టడు. కంపెనీ పిల్లనే వచ్చి తిప్పిపోయిందని ఊరంత జెప్పిన. జర నువ్వు ఔనను.”