మాస్టారి రెడ్ డాట్ మారిన సంగతి

నా పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. వయసు యాభై. హైస్కూలు వరకు చదువుకున్నాను. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే దుకాణంలో కాజాలు తీసి గుండీలు కుట్టే పని చేస్తాను. ఈ కేసులో ఫిర్యాదు చేసింది నా భర్త. నన్ను ఎవరూ పిలిపించలేదు. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు నా అంతట నేనే స్టేషనుకు వచ్చి, నాకు తెలిసింది చెప్తానని అధికారి గారిని అడిగాను. ఆయన కుర్చీ వేయించారు. దేవుణ్ణి తలుచుకుని మొదలుపెట్టాను.

మా వారు నీళ్ల ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగి. సాయంత్రాలూ ఆదివారాలూ షూటింగ్ క్లబ్బులో కొత్తవాళ్లకు పిస్తోలుతో గురి చూడటం నేర్పుతారు. అక్కడ అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఆయన కాల్చేది కాగితాన్ని మాత్రమే. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చీపురుతో గుమ్మం దాటిస్తారు గాని చంపరు. ఇది ఎవరూ అడగలేదు. నేనే రాయమన్నాను.

మీరు లోపల కూర్చోబెట్టిన మనిషి ఆ క్లబ్బు మెకానిక్. పిస్తోళ్లు విప్పి శుభ్రం చేయడం, మరలు బిగించడం, అద్దాలు సరిచేయడం అతని పని. అతను కూడా గురి చూస్తాడు. మా వారి దగ్గరే నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక భార్యను మొదట మా ఇంటికే తీసుకొచ్చి మా కాళ్లకు దణ్ణం పెట్టించాడు.

గొడవంతా మా వారి పిస్తోలు మీది రెడ్ డాట్ గురించి. అంటే ఏమిటో ఆయన నాకు చెప్పినట్టే చెప్తాను. పిస్తోలు పైన అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బా బిగిస్తారు. దానికి నిలువుగా ఒక అద్దం ఉంటుంది, అందుకే క్లబ్బులో ఆ డబ్బా మొత్తాన్నీ అద్దం అనే అంటారు. అందులోంచి చూస్తే ఎర్రటి చుక్క కనిపిస్తుంది. ఆ చుక్కను కాగితం మధ్యలో నిలిపి మీట నొక్కాలి.

రెండు నెలల క్రితం ఆ చుక్క మిణుకుమంటోందన్నారు. బ్యాటరీ మార్చారు. తగ్గలేదు. బ్యాటరీ తగిలే రేకును పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. మిణుకు ఆగింది. ఆ వారమే చుక్కకు తోక వచ్చిందన్నారు. గుండ్రంగా ఉండాల్సింది కుడివైపు పైకి సాగుతోందట. వెలుగు తగ్గించి చూశారు. దుకాణం నుంచి మెత్తటి నూలు పీలిక తెమ్మని, దాంతో అద్దం తుడిచారు. మరలు వదులయ్యాయేమోనని విప్పి మళ్లీ బిగించారు. మర మళ్లీ కదిలితే తెలియాలని మర తల మీంచి డబ్బా మీదికి ఒక గీత గీయాలన్నారు. గీత తెగితే మర కదిలినట్టట. దానికి గోళ్లరంగు మంచిదట. నేను ఏనాడూ గోళ్లకు రంగు వేసుకున్నదాన్ని కాదు. మా దుకాణంలో ఇస్త్రీ చేసే అమ్మాయిని అడిగి గులాబీ రంగు సీసా తెచ్చాను. ఆయన చెయ్యి వణకకుండా గీశారు. ఆ గీతే తర్వాత ఇంత దూరం తెచ్చింది.

ఒక ఆదివారం పొద్దున పిస్తోలు భోజనాల బల్ల మీద పెట్టుకుని నన్ను పిలిచారు. తూటాలు లేవని నాకు రెండుసార్లు చూపించారు. ఖాళీదైనా గోడవైపే తిప్పి పెడతారు.

"ఇటు రా. చుక్క సాగిందా లేదా చెప్పు" అన్నారు.

చూశాను. గుండ్రంగా ఉంది. గుండీ అంత గుండ్రంగా ఉంది.

"నాకు బాగానే కనిపిస్తోందండీ."

"నీకేం తెలుస్తుంది? సూదిలోకి దారం ఎక్కించినంత తేలిక కాదిది."

"దారం ఎక్కించేదీ కంటితోనేగా."

ఆయన వినిపించుకోలేదు. చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నేను ఫోను అద్దం దగ్గర పెట్టి ఫొటో తీశాను. ఎందుకు తీశానో అప్పుడు నాకే తెలియదు. ఫొటోలో కూడా చుక్క గుండ్రంగానే ఉంది. ఆ ఫొటో ఇప్పుడు అధికారి గారికి చూపించాను.

మా మామగారికి కంటి ఆపరేషన్ చేయించాక ఆ కన్ను పూర్తిగా పోయింది. అప్పటినుంచి మా వారు కంటి ఆసుపత్రి ఉన్న వీధిలోంచి నడవరు. చుట్టు తిరిగి వస్తారు. అందుకని నేను ఫొటో సంగతి చెప్పలేదు. రోజూ దేవుడికి మాత్రం చెప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం పిస్తోలు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. దుకాణం నుంచి వస్తూ నేనూ వెళ్లాను. క్లబ్బు వెనక అతని గది ఇరుకుగా ఉంటుంది. బల్ల మీద పరిచిన తువ్వాలు మీద మరలన్నీ వరసగా ఉంటాయి. అతను అద్దంలోకి చూశాడు. తర్వాత పిస్తోలు మా వారి చేతికిచ్చి గోడవైపు చూడమన్నాడు.

"తోక ఎటుంది మాస్టారూ?"

"కుడివైపు, పైకి."

"ఇప్పుడు పిస్తోలు పక్కకు పడుకోబెట్టండి. చుక్కనే చూస్తూ ఉండండి. తోక ఎటుంది?"

మా వారు పిస్తోలు పక్కకు తిప్పారు. కొంచెం ఆగారు.

"కుడివైపే. పైకే."

మెకానిక్ నా వైపు చూశాడు. అతను వెంటనే తల దించుకుని మర ఒకటి ఎత్తి మళ్లీ అక్కడే పెట్టాడు.

"లోపలి బల్బు పోయింది మాస్టారూ. మార్చాలి. గురువారం ఇస్తాను."

"చూశావా? నాకేం తెలియదన్నట్టు మాట్లాడావు" అన్నారు మా వారు నాతో. దారంతా ఉత్సాహంగా ఉన్నారు. ఆ సాయంత్రం నేను పప్పు మాడిస్తే కూడా ఏమీ అనకుండా తిన్నారు.

గురువారం అద్దం తిరిగొచ్చింది. చూడటానికి అదే డబ్బా. కాకపోతే లోపల చుక్క చుట్టూ ఒక ఎర్రటి గుండ్రటి గీత కూడా కనిపిస్తోంది. కొత్త బల్బు అలాగే వస్తుందని మెకానిక్ చెప్పాడట. చుక్క కాస్త చెదిరినా ఆ గీత మధ్యలో కాగితం మీది నల్లటి గుండ్రాన్ని కూర్చోబెట్టవచ్చు. మా వారు మళ్లీ బాగా కొట్టారు. కాగితం ఇంటికి తెచ్చి బీరువా తలుపుకు అంటించారు. గడ్డం చేసుకుంటూ పాట పాడారు. ఆయన గొంతు బాగుండదు. అయినా నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

నిన్న ఆదివారం పదిన్నరకు క్లబ్బులో మెకానిక్ తన పిస్తోలుతో గురి చూస్తున్నాడు. వచ్చే వారం అతనికి పోటీ ఉంది. మా వారు పక్కనే నిలబడి అతని భుజం సరిచేయబోయారు. అతని పిస్తోలు మీది అద్దానికి గులాబీ రంగు గీత కనిపించింది. తన పిస్తోలు తీసి చూసుకున్నారు. దాని మీద ఆ రంగు గీత లేదు. పోటీ కోసం తన అద్దం కాజేసి వేరేది అంటగట్టాడని మా వారు అందరి ముందూ దొంగా అని అరిచారు. ఆయన అరవడం నేను ఏనాడూ వినలేదు. ఇదీ అక్కడున్నవాళ్లు చెప్పిందే. మెకానిక్ పిస్తోలు కింద పెట్టి చేతులు జోడించి, "తప్పు నాదే మాస్టారూ" అన్నాడట. ఇంకేమీ అనలేదట. క్లబ్బు కార్యదర్శి మీకు ఫోన్ చేశారు.

ఇక్కడికొచ్చాక కూడా అతను అదే మాట అంటున్నాడని తెలిసింది. దొంగతనం ఒప్పుకుంటే అతని ఉద్యోగం పోతుంది, ఇక ఏ క్లబ్బూ అతన్ని ఆయుధాల గదిలోకి రానివ్వదు అని కార్యదర్శి నిన్న సాయంత్రం మా ఇంట్లోనే అన్నారు. అందుకే వచ్చాను.

వాంగ్మూలం మొదలవడానికి ముందు అధికారి గారి అనుమతితో, ఆయన ముందే, మెకానిక్‌తో మాట్లాడాను.

"ఎందుకు నాయనా నోరు విప్పవు?"

"ఏం చెప్పమంటారమ్మా? మాస్టారూ, అద్దం బాగుంది, మీ కన్నే బాగాలేదు అని నలుగురిలో అనమంటారా? ఆ నోటితో ఆయన్ని మళ్లీ మాస్టారూ అని పిలవగలనా?"

"మరి నీ అద్దం ఆయనకిచ్చి ఆయనది నువ్వెందుకు పెట్టుకున్నావు?"

"నా దాంట్లో చుక్క చుట్టూ గీత వస్తుందమ్మా. ఆయనకి అదైతే సులువు. నా కంటికి చుక్క చాలు. నాకూ ఒకటి కావాలిగా, పోటీ ఉంది. ఆ గోళ్లరంగు తుడిచేయాల్సింది. మాస్టారు గీసింది కదా అని చెయ్యి రాలేదు."

"పిచ్చివాడివి" అన్నాను.

అధికారి గారు రెండు పిస్తోళ్లూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, రెండు అద్దాల్లోకీ స్వయంగా చూశారు. మెకానిక్ పిస్తోలు మీదున్న మా వారి అద్దంలో చుక్క గుండ్రంగానే ఉందన్నారు. పక్కకు తిప్పి కూడా చూశారు. మా వారిని లోపలికి పిలిచి ఈ మాట చెప్పాలన్నారు. వద్దు, మీ నోట వినకూడదు, నేను చెప్తానన్నాను. నాలుగుంపావుకు రాయడం ఆపారు.

ఫిర్యాదు పని మీద పొద్దుటే వచ్చిన మా వారు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను.

"వాడు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడండీ. అదే నా బాధ."

"దొంగ ఒప్పుకుంటే నీకేం బాధ?"

"ఏమండీ, ఆ రోజు అతని గదిలో పిస్తోలు పక్కకు తిప్పమన్నాడు. తోక తిరిగిందా?"

ఇద్దరు కానిస్టేబుళ్లు మా ముందు నుంచి నవ్వుకుంటూ వెళ్లారు.

"తిరగలేదు" అన్నారు.

"తిరగకపోతే ఏమిటండీ అర్థం?"

"నన్నే అడుగుతున్నావా? ఆ పరీక్ష వాడికి నేర్పింది నేనే. అద్దంతో పాటు తోక తిరిగితే జబ్బు అద్దానిది. తిరగకపోతే కంటిది. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్తాను."

అప్పుడు నేను ఆయన మొహం వైపు చూశాను.

"అయితే మీకు తెలుసా?"

"తిప్పగానే తెలిసింది. వాడు బల్బు అన్నాడు. ఆ అద్దంలో మార్చే బల్బు ఉండదు. అదీ తెలుసు. వాడి మాటే నిజమైతే బాగుండనిపించింది. నమ్మేశాను." అని నా వైపు తిరిగారు. "నిన్న వాడి పిస్తోలు మీద ఆ గీత చూడగానే, ఇక నమ్మడానికి ఏమీ మిగల్లేదు. అందుకే అరిచాను. పాపం, వాడు అద్దం ఎత్తుకెళ్లాడని కాదు."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. స్టేషను వరండాలో అలా పట్టుకోవచ్చో లేదో తెలియదు. ఎవరూ ఏమీ అనలేదు.

"నీకు కూడా తెలుసా?" అన్నారు.

"ఫొటో తీశాను."

"మంచివాళ్లే ఇద్దరూ. నన్ను గాజుబొమ్మలా చూసుకున్నారు" అన్నారు. కోపంగా అనాలనుకున్నారు గాని అందులో కోపం లేదు. తర్వాత లేచి నిలబడి అడిగారు. "వాడు పొద్దుటినుంచి ఏమైనా తిన్నాడా?"

మేమిద్దరం లోపలికి వచ్చాం. అయిదు గంటలకు మళ్లీ రాయడం మొదలైంది. మా వారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని అధికారి గారితో అన్నారు. ఆ కాగితం వేరే రాస్తున్నారు. మెకానిక్‌ను తీసుకొస్తే అతను తల ఎత్తలేదు. మా వారే అతని గడ్డం పట్టుకుని ఎత్తారు.

"కన్ను నాది, శిక్ష నీకా? ఎవడు నేర్పాడురా నీకీ లెక్క?"

"మీరే మాస్టారూ" అన్నాడతను ఏడుస్తూ.

"నోర్ముయ్. నా అద్దం పోటీ అయ్యేదాకా నీ దగ్గరే ఉండనీ. నిన్న దాంతో బాగా కొట్టావు, చూశాను. రేపు పొద్దున ఆ కంటి ఆసుపత్రికి నా వెంట రా. మా ఆవిడ ఒక్కదానివల్ల నన్ను లోపలికి ఈడ్చడం కాదు."

అధికారి గారు కిటికీ వైపు తిరిగి నీళ్లు తాగారు.

ఇప్పటిదాకా రాసిందంతా కానిస్టేబుల్ గారు నాకు నెమ్మదిగా చదివి వినిపించారు. నా మాటలే ఉన్నాయి. ఎవరి భయానికీ, ఎవరి కోసమూ చెప్పలేదు. దేవుడు విన్నాడు, ఆయన ఎదుటే ఇది నిజం. ఒకచోట నా భర్తను "చూపు పోయిన" అని రాశారు. అది కొట్టించి "చూపు తగ్గిన" అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన విడిగా సంతకం చేసి, కింద మళ్లీ చేశాను.

(సంతకం)