హోటల్లో వేయని దండ

విశాఖలో ఆడి సొంతూరికి తిరిగొచ్చిన నాట్య బృందం దోర్నపాల్ బస్టాండులో దిగింది. బృందం పెద్ద తన మరదలు ఆయతి మీద మండిపడుతున్నాడు.

"సముద్రం ఒడ్డున అంత పెద్ద హోటలు! గెస్టుకు దండ వెయ్యమంటే కింద పారేస్తవా, ఆయతీ? మల్ల మనల్ని పిలుస్తరా?"

"ఆ గెస్టు ఎవరో చూసినవా బావా? మన వాగు పైన గని నడిపే ఠేకేదారు."

"అయితే ఏంది? ఎప్పుడూ ఆడనే దిగుతడంట. అందుకే హోటలోళ్లు ఆయనకు గది ఊరికే ఇచ్చి, మనతోని స్వాగతం చెప్పిచ్చిండ్రు."

"గని ఎర్రనీళ్లు తాగి నా కోడెలు సచ్చినయ్. ఆయన మెడల నేను దండ వెయ్యాల్నా?"

"ఆ మాట ఆయన్నే అడగకపోయినవా?"

"అడిగిన. 'మా వాగు ఎప్పుడు బాగైతది సాబ్?' అన్న."

"ఏమన్నడు?"

"నవ్విండు. 'ముందు నాతోని ఫోటో దిగు' అన్నడు."

బావ డోలు భుజానికెత్తుకున్నాడు.

"కింద ఎందుకు పారేసినవే? వాని మొహాన కొట్టకపోయినవా!"