దినాం మూత తియ్యాలె

వర్ని దగ్గరి ఒక ఊళ్లో, కార్తీకం చలి ఇంకా తగ్గని పొద్దుటిపూట. పెరట్లో కుందేళ్ల గూటి ముందు పోశన్న. వెనక గుమ్మంలో గోడకానుకొని అతని కోడలు శ్రీవాణి, పన్నెండు రోజుల బాలింత.

"పిల్లలు ఆరే ఉన్నయ్ మామా. నిన్న ఏడన్నవ్ గదా."

"జర ఆగు బిడ్డా. బొచ్చు కింద ఉంటదొకటి. గట్ల పైకి లెక్కవెట్టకు, మీ అత్త ఇన్నదంటె దిష్టి దాకుతదంటది."

"అత్తమ్మ లేదు. కల్లం కాడికి పోయింది. వడ్లు తిప్పెయ్యాలెనట. పొద్దుగూకినంకనే వస్త అన్నది."

"గట్లనా. మంచిదే... ఇగో, దొరికింది. గడ్డి జారి మూలకు పోయింది. సల్లగున్నది."

"చచ్చిందా?"

"సల్లగున్నంత మాత్రాన సచ్చినట్టు గాదు. వెచ్చగ జేసినంక గూడ కదల్లేదనుకో, గప్పుడు సచ్చినట్టు. గా రుమాలు ఇటియ్యి. చుట్టి అంగి లోపట పెట్టుకుంట."

"ఇగో. నువ్వు రాత్రి పండుకున్నట్టే లేవు మామా."

"మోకాళ్లు బిడ్డా. పండుకుంటె గుంజుతయ్, కూసుంటె గుంజుతయ్. చెరుకు బండ్లు తోలిన మోకాళ్లు, ఇంకెంత కాలం ఓపుతయ్? నువ్వు గూడ పండినట్టు లేవు. కండ్లు గుంతలు వడ్డయ్."

"పండుకున్న. మంచిగనే పండుకున్న. పొట్టిది అసలు లేపదు గదా."

"పక్కింటి పెంటవ్వ గదే చెప్పుకుంట తిరుగుతంది. పోశన్న మనుమరాలు బంగారం, ఏడుపన్నదే ఎరుకలేదు అని."

"అందరు గట్లనే అంటుండ్రు. మొదటి వారం ఊరంత లేపింది. ఇప్పుడు బుద్ధొచ్చింది."

"మా నరేష్‌గాడు గిట్ల గాకుండె. మీ అత్త నడుము ఇరగ్గొట్టిండు. ఫోన్ జేసిండా వాడు?"

"జేసిండు. కోతమిషన్ చందూర్ దిక్కు ఉన్నదట. పొట్టిదాన్ని తొట్టెల ఏసే నాటికి వస్త అన్నడు."

"తొట్టెలకు ఇంక తొమ్మిదొద్దులున్నయ్."

"తొమ్మిది."

"ఊ."

"మామా, తెల్ల కుందేలును చూడు. పిల్లల దిక్కు చూడనే చూడదు. నేను గిక్కడ కూసున్నప్పటి సంది గడ్డే తింటున్నది."

"అది గంతే. దినానికి ఒక్కపారి పోతది పిల్లలున్న డబ్బలకు, తెల్లారగట్ల. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో. ఇచ్చి బయటికొస్తది. మల్ల రేపే."

"ఒక్కపారేనా? సరిపోతయా?"

"సరిపోతయ్. కుందేలు పాలు చిక్కన. మనుషుల లెక్క గాదు."

"మనుషులకైతే ఎన్నిసార్లియ్యాలె?"

"గది నన్నడుగుతవేంది? మీ అత్తనడుగు."

"అడిగిన. ఏడ్చినప్పుడల్లా ఇయ్యమన్నది."

"మరి గంతే. గంతే. గా గడ్డి రెండు పిడికిళ్లు ఇటు జరుపు. లేవకు, లేవకు, కాలుతోని జరుపు."

"తాగినయో లేదో నీకెట్ల ఎరుకైతది? నువ్వు చూడవు గదా, తెల్లారగట్ల."

"పొట్ట సూస్త. ఇటు రా, ఇదిగో. దీని పొట్ట రేగుపండు లెక్క నున్నగ లేదూ? ఇది తాగింది. ఇది గూడ. గీ బక్కదాన్ని సూడు."

"తోలంత ముడుతలున్నది."

"పట్టి ఇడిసిపెడితె లేచింది లేచినట్టే ఉంటది. రెండు దినాల సంది దీనికి దొరకనట్టున్నది. బలమున్నయి ముందుగాల గుంజుకుంటయ్. రేపు తెల్లారగట్ల గట్టియాటిని తీసి పక్కకు వెడత. దీన్నొక్కదాన్నే తెల్లదానికి... గది... దగ్గరికి వెడత."

"తెల్లదానికే పాలు తక్కువున్నయేమో మామా."

"ఉండొచ్చు."

"తక్కువుంటె దాని తప్పా?"

"కుందేలుకు తప్పేంది బిడ్డా?"

"ఏం లేదు. అడుగుతున్న."

"మొదటి ఈత దానిది. దాని పానం ఎంతనో అంతనే ఇస్తది."

"అత్తమ్మ అన్నది, మన ఇంట్ల ఆడోళ్లకు ఎన్నడు పాలకు కరువు రాలేదని. డబ్బపాలు మన గడప తొక్కలేదట."

"మీ అత్త శాన అంటది. అన్ని మనసుల వెట్టుకోకు. చాయ తాగినవా?"

"తాగిన."

"తిన్నవా?"

"తింట తియ్. మామా, ముందటి కుందేలు ఈనినప్పుడు పిల్లలన్ని చచ్చినయట గదా."

"నీకెవలు చెప్పిండ్రు?"

"నరేష్."

"వానికి ఇంకేం పనిలేదు. అన్ని గాదు. ఎనిమిదిట్ల రెండు మిగిలినయ్."

"ఏమైంది?"

"ఏమైతది. మీ అత్త మూత తియ్యనియ్యలే. అది పురిటిల్లు, మగోడు తొంగి సూడొద్దు, సూస్తె తల్లే తింటది అన్నది. నాక్కూడ నిజమే గావచ్చు అనిపించింది. పెద్దలకాలం సంది వస్తున్న మాట గదా. తొమ్మిదొద్దులకు వాసనొచ్చింది."

"అయ్యో."

"తీసి సూస్తె సచ్చినదాని పక్కపొంటి సచ్చినయ్. మొదటిది ఎన్నడు పోయిందో ఏమో. దాన్ని ఆనాడే తీసేసినా తక్కినయి బతికేటియి. కిషోర్‌బాబు లేడా, ఆంధ్రోళ్ల క్యాంపుల, ఆయన దగ్గరనే జత తెచ్చిన. పోయి చెప్తె తిట్టిండు. 'దానికి మైలేంటి పోశన్నా, రోజూ మూత తీసి చూస్కోవాలి గానీ' అన్నడు. గప్పటి సంది మీ అత్త ఏమన్న అననీ, దినాం తీస్త."

"తొమ్మిదొద్దులు లోపల ఏడ్చి ఉంటయ్ గదా. ఇనవడలేదా?"

"ఒకటి రెండు దినాలు కీసుకీసుమన్నయ్. తర్వాత సప్పుడు లేకుండె. సప్పుడు లేదంటె మంచిగున్నయనుకున్న."

"తాగినంక ఊకుంటయ్ గదా మరి."

"ఊకుంటయ్."

"మరి గీ బక్కది గూడ కీసుమంటలేదు. నువ్వేమో తాగలేదంటున్నవ్."

"ఇదా. పానంల తాకత్ ఉన్నంత సేపే ఒర్లుతది బిడ్డా. ఒక దినం, మస్తయితె రెండు దినాలు. తాకత్ అయిపోయినంక ఒర్లుడు బంద్ వెడతది. తాగి ఊకున్నది వేరు, లేవలేక ఊకున్నది వేరు. పైకి రెండు ఒక్కతీర్గనే కనవడ్తయ్. నిద్రపోయినట్టే... ఏమైంది? గట్ల గుంజ పట్టుకున్నవ్? తల తిరుగుతందా?"

"లేదు. రెండింటికి తేడా ఎట్ల ఎరుకైతది?"

"చెప్తి గదా. పొట్ట సూడాలె, తోలు సూడాలె. నోట్లె ఏలు వెడితె సప్పరించాలె. దూరం నుంచి సూస్తె ఏం ఎరుకగాదు. గందుకే దినాం మూత తియ్యాలె."

"మామా."

"చెప్పు."

"పొట్టిది నిన్న పగటి సంది ఏడ్వలేదు."

"మంచిగ పండుకుంటదని నువ్వే అంటివి."

"అన్న. అందరు బంగారం అంటుంటె నేను గూడ అన్న."

"పాలు... ఏమే, పాలు తాగిందా?"

"నోరే తెరుస్తలేదు. తెరిసినా ఏమున్నది మామా. నాకు వస్తలేవు. నాలుగు దినాల సంది సరిగ వస్తలేవు. ఎవలకు చెప్పాలె? మా అవ్వ బతికుంటె అవ్వకు చెప్పేదాన్ని. అత్తమ్మకు చెప్పబోతె కరువు రాలేదంటది. నీకు చెప్పేటి మాటనా ఇది?"

"గుడ్డలు తడుపుతందా?"

"నిన్న ఒక్కటే. ఉతుకుడు తక్కువైందని అత్తమ్మ సంబురపడ్డది."

"తీస్కరా పొల్లను."

"ఇరవయ్యొక్క దినాలు కాలేదు మామా. మగోళ్లు ఎత్తుకోవద్దని..."

"తీస్కరా అంటున్న! లేదు, నువ్వు జల్ది నడువకు, పడ్తవ్. నేనే వస్తున్న లోపటికి. జరుగు."

"తొట్టెల ఇంక వెయ్యలేదు గదా, మంచం మీద ఉన్నది. ఆ చీర కింద. మెల్లగ."

"ఎంత అలక ఉన్నదే ఇది. ఎండలకు తెస్త. కండ్లు పచ్చగున్నయ్ గదనే. గా మబ్బు చీకటి అర్రల ఎవలకు కనవడ్తది... పొట్ట..."

"చెప్పు మామా. ఏమన్న చెప్పు."

"తోలు లేచింది లేచినట్టే ఉన్నది."

"నేనే సంపుకున్న. నేనే..."

"ఊకో! ఒళ్లు వెచ్చగున్నది. ఏలు వెట్టనీ... ఆ. ఆ. సప్పరిస్తంది. జరంతనే గాని సప్పరిస్తంది బిడ్డా. చెప్పులు తొడుక్కో. కొమురయ్య ఆటో ఇంటి ముందట్నే ఉన్నది. బోధన్ దవాఖానకు పోదాం."

"డబ్బపాలంటరు వాళ్లు."

"అననీ. మన గడప తొక్కకుంటె నేనే పోయి తెస్త. శాలువ కప్పుకో. నడువు."

"మామా, నీ అంగిల కూన ఉన్నది."

"ఉండనీ. కదులుతంది ఇప్పుడిప్పుడే. ఓ కొమురయ్యా! ఆటో తియ్యి రా, జల్ది!"

"అత్తమ్మ కల్లం నుంచి వచ్చి చూస్తె అర్ర ఖాళీగుంటది. నా పాలు లేకనే గిట్లయిందని చెప్తవా?"

"నీ పేరెందుకు ఎత్తుత?"

"మరి ఏమని చెప్తవ్?"

"కుందేలు పిల్లల మీద మూత దినాం తీసి సూసిన, నా మనుమరాలి దిక్కు పన్నెండొద్దులు సూడలేదని చెప్త."